ఊడవొద్దన్న చోటు

ఖార్కివ్ ఉత్తరపు కొసన
తొమ్మిదంతస్తుల మేడలు నాలుగు, వాటి నడుమ పెరడు.
పదిహేడేళ్లుగా దాన్ని ఊడ్చేది నేనే.
ఏ నెలలో ఏం రాలుతుందో నా చీపురుకి తెలుసు.
మే ఆఖర్లో పాప్లర్ దూది,
జులైలో ఆప్రికాట్లు, తొక్కితే చెప్పు వదలని బంక,
ఏడాది పొడుగునా మూడో గుమ్మం ఒసీప్ ముసలాడి సిగరెట్ పీకలు.
తిట్టిపోసేదాన్ని.
ఇప్పుడు పీక కనబడితే వంగి చేత్తో తీస్తాను.

ఆ రోజు రాలినవి నా లెక్కలో లేవు.

నీళ్ల ట్యాంకరు వచ్చింది.
బకెట్లు, ఐదు లీటర్ల సీసాలు, ఒకావిడ ఊరగాయ జాడీతో సహా
నలభై మంది దాకా వరస కట్టారు.
నా ముందు వసిలీనా.
చోటు చూస్తుండమని ఆమెకి చెప్పి
చీపురు పెట్టి రావడానికి నేలమాళిగలోకి దిగాను.
పద్నాలుగు మెట్లు.
పన్నెండో మెట్టు మీద విన్నాను.

పెద్ద బాంబు ఒక్కసారి అరిచి ఊరుకుంటుంది.
ఇది అలా కాదు.
రేకు మీద ఎవరో శనగలు పోసినట్టు,
పోసి, చేతికంటినవి కూడా దులిపినట్టు,
అయిపోయిందనుకున్నాక
ఇంకొకటి.

పైకొచ్చాను.
కొన్ని బకెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి.
చిల్లుల్లోంచి సన్నటి ధారలు, ఒక్కోటి ఒక్కో ఎత్తులో.
ఆ నీళ్లు వసిలీనా బూట్లను చుట్టి
రంగు మారి
నేను రోజూ శుభ్రం చేసే జాలీలోకి పోయాయి.
ఇంతకు మించి చెప్పను.
ఆమె కూతురు ఫోన్లో అడిగినా ఇంతే చెప్పాను,
బూట్ల మాట కూడా చెప్పలేదు.

మా భాషలో దీని పేరు క్యాసెట్.
క్యాసెట్!
నా బీరువాలో ఇరవై ఆరున్నాయి, పెళ్లినాటివి.
టేపు వదులైతే పెన్సిల్ దూర్చి తిప్పేవాళ్లం,
ఇంత డబ్బాలో ఇన్ని పాటలా అని మురిసేవాళ్లం.
ఎక్కడో ఎవడో
ఒక గొట్టంలో వీటిని పద్ధతిగా సర్ది ఉంటాడు,
ఒకటి, రెండు, డెబ్భై రెండు,
లెక్క సరిపోయిందని సంతకం పెట్టి
చేతులు కడుక్కుని అన్నానికి వెళ్లి ఉంటాడు.
వాడి పెరడు ఎవరు ఊడుస్తారో.

సాయంత్రం బాంబులు ఏరే కుర్రాడొచ్చాడు. దెమ్యాన్ అట.
గెడ్డం కూడా సరిగా రాలేదు.
తారు మీది గుంటలన్నీ చూశాడు.
నడిమధ్య గుప్పెడంత లోతు, చుట్టూ గీతలు,
చిన్నపిల్ల వేసిన పువ్వు బొమ్మలా.
"పేలనివి మూడుండాలి పిన్నీ" అన్నాడు.
రెండు దొరికాయి. ఇసుక బస్తాలు పేర్చి పేల్చారు.
మూడోది దొరకలేదు.
ఆప్రికాట్ చెట్టు చుట్టూ, ఉయ్యాల చుట్టూ
ఎరుపూ తెలుపూ టేపు కట్టి
"ఇక్కడ ఊడవొద్దు" అన్నాడు.
పదిహేడేళ్లలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు.
మళ్లీ వస్తామన్నారు. ఊరంతా వాళ్లకి ఇదే పని.

పొద్దున్నే టేపు దాకా ఊడుస్తాను. ఆగుతాను.
అవతల దూది పేరుకుంది, తెల్లగా, మెత్తగా,
కింద ఏముందో చెప్పదు.
పిల్లి దూరితే ఊపిరి బిగబట్టుకుంటాను.
అది తోక ఊపుకుంటూ వచ్చేస్తుంది, వెధవ పిల్లి.

జులై వచ్చింది.
చెట్టు ఎవర్నీ అడక్కుండా విరగకాసింది.
కోసేవాళ్లు లేరు.
రాత్రి గాలి వీస్తే గ్యారేజీ రేకు మీద
టప్.
ఐదో అంతస్తు లుక్యాన్, ఏడేళ్లవాడు,
స్నానాల గదిలో తొట్టెలోనే పడుకుంటున్నాడు.
అక్కణ్ణించి లెక్కపెడతాడట.
ఒకటి.
రెండు.
పండ్లేరా, పడుకో, అని వాళ్ల నాయనమ్మ అంటే
మూడోది కూడానా
అని అడుగుతాడట.