మూల లేని ముక్క

ఉదయగిరి బస్టాండు పక్కన
చెంచాలు చెక్కే వీధి మొదట్లో నా పంజరం.
ఒక గోనెపట్టా, ఒక చిలక, ఇరవై ఏడు అట్టలు.
ఏ అట్ట ఎవరికి ఎట్టా చదవాలో
మా మామ కోదండం నేర్పిపోయినాడు:
వెంకన్నొస్తే పెళ్లి, నాగన్నొస్తే పుట్టకి పాలు,
ఏసొచ్చినా దర్గా వచ్చినా భయపెట్టబాకరా,
పది రూపాయలకి అంత భయం అమ్మకూడదు.

మొన్న ముసురులో
జిలానీ అటక మీంచి దించిన రేకు డబ్బా తెచ్చి
నా పట్టా మీద బోర్లించినాడు.
అరిచేతిలో ఇమిడేంత, గుండ్రంగా,
లక్క పూత కింద ఎవరో వెంట్రుకంత కుంచెతో రాసినవి.
తొంభై ఆరుండాలంట.
రెండుసార్లు లెక్కేసినా తొంభై నాలుగే.
"చదువన్నా, చూద్దాం."

చిలకని వదిలితే
ముక్కుతో మూల కోసం వెతికింది.
మూల లేదు.
జారింది, మళ్లీ జారింది,
కోపమొచ్చి ఒకదాన్ని దొర్లించింది.
ఏడు కత్తులు.
ఏడుగురు పగవాళ్లా, ఏడు వాయిదాలా?
నోరు తెరిచి మూసుకున్నాను.

ఆ రాత్రి కరెంటు లేదు.
సెల్లు వెలుగులో గడప దాకా పరిచినా:
కిరీటాలు, కత్తులు, తెల్ల నాణేలు, పసుపు నాణేలు,
చేతులు కట్టుకుని నిలబడ్డ పనోళ్లు,
దస్తావేజులు, మూటలు,
వీణ అనుకున్నది వీణ కాదు.
బొమ్మ తెలుస్తుంది, మాట తెలీదు.
అరవ ఊళ్లో దిగి
బస్సు బోర్డు కింద నిలబడినట్టుంది.

జిలానీ వాళ్ల దాది జైబూన్‌బీకి చూపు ఆనదు.
బొటనవేలితో రంగు మందం తడిమి చెబుతుంది.
"ఇది జోస్యం కాదురా నాయనా, ఆట.
మా అబ్బా ఆడతా ఉంటే దీపం పట్టుకున్నా.
పగలైతే పసుపు నాణెం ముందు దిగాల,
పొద్దుగూకితే తెల్లది."
ఎవరు పెద్ద?
"రాజు. ఎనక మంత్రి. ఎనక పది, తొమ్మిది, ఎనిమిది...
అది నాలుగు రంగులకే.
తక్కిన నాలుగింట్లో ఒకటి పెద్ద, పది చిన్న."
ఏ నాలుగు?
ఆమె వేలు మూట మీద ఆగింది,
కత్తి మీదికి పోయింది,
పళ్లు లేని నోరు నవ్వింది.
"అదే మర్చిపోయినా."

మరుసటి బేస్తవారం
దుత్తలూరు నుంచి పోలేరమ్మ అని ఒకామె,
మూడు బోర్లు ఎండిపోయినాయి, నాలుగోది వెయ్యాలా?
పాత అట్టలు పరిచినా.
చిలక వాటి మీద నడుచుకుంటూ పోయి
పట్టా చివర గుండ్రటిదాన్ని తోసింది.
ఒకటి. మూట.
అన్నిటికన్నా చిన్నదో, రాజూ మంత్రీ పోతే అన్నిటికన్నా పెద్దదో.
ఇరవై ఏళ్లలో మొదటిసారి "తెలీదమ్మా" అన్నాను.
ఆమె వంగి చూసింది.
"మూట కట్టిన ముడి బాగుంది,
ఇప్పేదానికి వీల్లేకుండా కట్టినారు" అని
పది కాయితం పెట్టి బస్సెక్కింది.

తగ్గిన రెండింటికి
జిలానీ నర్ది కర్రతో రెండు బిళ్లలు చెక్కిచ్చినాడు.
బొమ్మ ఏం రాయాలో నేనూ చెప్పలేదు,
వాడూ అడగలేదు.
ఇప్పుడు చిలక ఎక్కువసార్లు వాటినే తెస్తుంది.
జనం నా మొహం చూస్తారు.
పూత లేని కర్ర కదా,
ముక్కుకి పట్టు దొరుకుతుంది.