నులకతాడు

డివైజెస్ పట్నం, 1643 జూలై

తలుపు తట్టింది ఇద్దరు. ఒకడికింకా మీసం రాలేదు.
"మంచం ఎక్కడమ్మా?" అన్నాడు.
వెండి అడుగుతారనుకున్నా. పంది కోసమనుకున్నా.
దొడ్లో మూత్రమింకిన మట్టికి మళ్ళీ పారలతో వచ్చారనుకున్నా.
పోయినేడు సురేకారం మనుషులు
పావురాళ్ళ గూటి కింద నేలంతా తవ్వి పోయాక
ఆ గోతిలో రెండు కోళ్ళు పడి చచ్చాయి.

వీళ్ళకి కావలసింది నులక.

మా మామగారి తండ్రి విలుకాడు.
ఆయన కుడిభుజం ఎడమదానికంటే లావని
చొక్కాలు కుట్టిన ముసలమ్మలు చెప్పుకునేవాళ్ళు.
ఏడేళ్ళప్పుడు చేతికొచ్చిన విల్లు
ఒంట్లో ఎముకని తనకి తగ్గట్టు వంచుకుంది.
ఇప్పుడది అటక మీద ఉల్లిపాయల కట్టలు మోస్తోంది.
ఈ మీసం రానివాడికి తుపాకి నేర్పడానికి
మూడు వారాలు పట్టిందట.
మందు పొయ్యి, గుండు వెయ్యి, కూరు, తాడు ఊదు.
వాడి చేతులు వాడివి కావు, డోలువి.

తాడు లేదూ,
వెయ్యి తుపాకులూ వెయ్యి రోకళ్ళే.

మంచం బోర్లించి ముడులు పీకుతున్నాడు. రావట్లేదు.
"అలా కాదురా" అని నేనే కూర్చుని విప్పాను.
ఎందుకు విప్పానో ఇప్పటికీ తెలీదు.
కత్తి తీస్తే మంచి తాడు ముక్కలవుతుందని
పీనాసి చెయ్యి కదిలిందంతే.
ఆ నులక మీద ముగ్గుర్ని కన్నాను.
బార్నబీ పదకొండు రోజులు జ్వరంతో
దాని మీదే. మధ్యలో గుంట ఆయన నడుముదే.
చివరి ముడి ఎంతకీ రాలేదు.
దాంతోనే పట్టుకుపోయారు.

సంతవీధిలో అద్దకంవాడి కాగులో
ఊరందరి పడకల్నీ కలిపి
గుగ్గిలం వేసి ఉడకబెట్టారు.
ఆ కంపుకి కుక్కలు వెనక్కి నడిచాయి.

రాత్రి నేలమీద గడ్డిపరుపు.
కిటికీలోంచి చూస్తే కంచె పొడుగునా ఎర్రచుక్కలు,
కుర్రాడికి రెండేసి.
తాడుని రెండు కొసలా వెలిగిస్తారు మరి.
గంటకి జానెడు కాలుతుందట.
అందులో నా ఇల్లేదో,
పక్కింటి మేరియెట్‌దేదో
వెతుక్కుంటూ పడుకున్నాను.

తర్వాత కొండమీద ఏదో అయింది. మనం గెలిచామన్నారు.
"మనం"లో నేనున్నానో లేదో ఎవరూ అడగలేదు.

కందకంలో దొరికింది మూరెడు, కాలకుండా,
నా ముడితో సహా.
ఎడంచేతి ముడి. ఈ వీధిలో ఇంకెవరూ వెయ్యరు.
బఠానీ తీగకి కట్టాను.
వానొస్తే గుగ్గిలం వాసనేస్తుంది.
తీగకేం పట్టింది, పాకుతోంది.

ఆ మీసం రానివాడి గురించి వాకబు చేద్దామంటే
పేరడగలేదు నేను.
మంచానికింకా తాడు కొనలేదు.