పదిహేడో గుడ్డ

మొదటి శీర్షికలో మూడు పెద్ద మాటలున్నాయి:
సుస్థిర, తీరప్రాంత, భవిష్యత్తు.
రెహానా మేడం ఒక్కోదాని కింద
పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి
"ఇందులో మీ ఇల్లెక్కడ?" అంది.

రెండోది జాలరి పడవల మీద.
పడవెక్కితే నాకు వాంతులని ఆవిడకి తెలుసు.
మూడోది బీచ్ రోడ్డు బల్లల గురించి.
అది చదవనే లేదు,
కిటికీ తీసి టీ చెప్పింది.

జనవరి అయిపోయింది.
గోడకి అంటించిన పసుపు చీటీలు
జిగురు వదిలి ఫ్యాను కింద తిరిగాయి.
రుషికొండ హాస్టల్లో మూడు రాత్రులు
తెల్లకాగితం మధ్య గీత గీసి
ఇటు తెలిసినవి, అటు తెలియనివి అని రాసుకుంటే
రెండు పక్కలా ఏమీ నిండలేదు.

శనివారం వన్ టౌన్ వెళ్ళాను, మా ఇంటికి,
బట్టలు ఉతికించుకుందామని. అంతే.

అమ్మ నా తెల్లకుర్తాని
నడవలో దేవుడి పటాల ముందు తీగ మీద ఆరేసింది.
మా ఇంట్లో బట్టలెప్పుడూ లోపలే ఆరతాయి.
మేడ ఉంది, మేడ నిండా ఎండ ఉంది,
ఎండతో పాటు రేవు నుంచి బొగ్గూ వస్తుంది.
ఇన్నేళ్ళూ ఆ తీగ కింద తల వంచుకుని తిరిగాను,
ఆ వంగడం నా నడకే అనుకున్నాను.
బళ్ళో శనివారం తెల్ల యూనిఫాంలో
నా పక్కన కూర్చోడానికి హైమావతి ఒప్పుకునేది కాదు.
ముక్కిన వాసన వేస్తానట.

తీగని పట్టుకుని చూశాను.
ఏదో దొరికిందని చెప్పలేను.
వేలికి తడి తగిలింది.

మొదట చేసింది తప్పే.
పైకప్పు, జల్లెడ తెర, మడిచే కాళ్ళు,
వారంలో ఒక ఆరబెట్టే పెట్టె చేసి
ఎదురింటి నూకరత్నం పిన్నికిచ్చాను.
నాలుగోరోజు చూస్తే అందులో వడియాలున్నాయి.
"గుడ్డలకి గాలాడదే గుంటా ఇందల.
ఒడియాలకి మటుకు బాగుంది, కాకుల బెడద నేదు.
ముందు నన్నడగొచ్చు కదేటి?"

అడిగాను.
"బొగ్గోడ కట్టిన మూడ్రోజులూ మేడెక్కకూడదు.
గాలి తిరిగినాక, తెల్లారగట్ల, రెండు గంటలే.
సీర ముందు, జాకెట్టు ఎనక. తెల్లవి అసలొద్దు."
ఇవన్నీ నీకెవరు చెప్పారు పిన్నీ?
"ఎవులు సెప్తారు?
ఉతికినోళ్ళకి సొక్కా కాలరే సెప్తాది."

పెట్టెని ఆవిడకే వదిలేసి
నోటుపుస్తకం తెచ్చుకున్నాను.

పాత దుప్పటి చింపితే జానెడు గుడ్డలు ముప్పై వచ్చాయి.
రోజుకొకటి, పొద్దున్నించి పొద్దుగూకేదాకా
పిట్టగోడ మీద, క్లిప్పు పెట్టి, మూలన తేదీ వేసి.
మూడోది బూడిదరంగు.
తొమ్మిదోదాని మీద పిల్లి నడిచింది.
పన్నెండోదాన్ని వాన తడిపింది, మసి చారలు కట్టింది.
ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు
నూకరత్నం పిన్ని చెప్పినట్టే.

పదిహేడోది అమ్మ ఉతికేసింది.
సబ్బు పెట్టి, నీలిమందు పెట్టి, ఇస్త్రీ చేసి
నా బ్యాగులో మడత పెట్టింది.
తేదీ కూడా పోయింది.
"మురికిగా ఉంటేను," అంది.
అరిచాను.
చాలాసేపటి తర్వాత సిగ్గేసింది.

సమీక్ష రోజు బల్ల మీద వరసగా పరిచాను.
మేడం ఒక్కొక్కటే తడుముతూ వచ్చింది,
వేళ్ళు నల్లబడ్డాయి,
పదిహేడోదాని దగ్గర ఆగింది.
చెప్పాను.
శీర్షిక రాయాల్సిన గడి ఖాళీగానే ఉంది,
ఆవిడా దాని గురించి అడగలేదు.
చేతులు తుడుచుకోడానికి ఏమన్నా ఉందేమోనని
చుట్టూ చూసింది.

ముప్పైలో తెల్లనిది అదొక్కటే.
ఇవ్వబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.