జొన్నసొప్ప రంగు

సామాను ఎరువు తెచ్చుకున్నోని చేతికి
ఒడుపు దొరకదన్నడు మొగిలాచారి.
అని, తన రందను తువ్వాలల చుట్టి
సందుగల పెట్టి, మీద కూసున్నడు.

నాకు పద్నాలుగేండ్లు.
రంద చెయ్యాల్నంటే రంద కావాలె గదా,
సాపు లేని కట్టెకు సాపు ఎక్కడికెల్లి వస్తదని అడిగిన.
ఇంటిముంగటి బండను చూపెట్టిండు గడ్డంతోని,
ఆర్పిన బీడీని చెవి మీద పెట్టుకుంట.

కాజీపేట షెడ్డుల అరిగినంక పారేసిన ఆకురాయి
పరకాల అంగట్ల ఎనిమిదణాలకు దొరికింది.
కమ్మరి ఓదెలు దాన్ని ఎర్రగ కాల్చి
ఒక రాత్రంత బూడిదల పండబెట్టిండు.
ముందు పొగరు దిగాలె, ఎక్కిచ్చుడు తర్వాత, అన్నడు.
తెల్లారేసరికి అది నా మాట వినే ఇనుము.
ఇంకో ఆకురాయితోని రాకిన,
అన్నతోని తమ్మున్ని కొట్టిపిచ్చినట్టు.

పొద్దుగూకినంక రమ్మన్నడు.
ఎండల నిప్పు అబద్ధమాడతదట.
తిత్తి నేను గుంజిన.
మోదుగుపువ్వు రంగు రాంగనే పల్లినూనెల ముంచిండు,
బుస్సుమన్నది, గుడిసె నిండ పొగ,
లోపల్నుంచి ఓదెలు పెండ్లాం తిట్లు:
అది కూరకు దాచిన నూనె.

అంతటితోని అయిపోలె.
ఇప్పుడది గాజు లెక్క, కిందపడితే పలుగుతది.
బండ మీద నూరి మెరిపిచ్చి
మల్ల సన్నటి సెగకు పట్టి చూస్తుండాలె.
తెలుపు మీద మెల్లగ ఒక పసుపు నడుస్తది,
ఎండిన జొన్నసొప్ప రంగు.
అది దాటి ఊదా పాకిందంటే మెత్తబడ్డట్టే.
నడుమ ఉన్నది ఒక్క రెప్పపాటు.
నేను రెప్ప కొట్టిన.
ఓదెలు కొట్టలె.

కట్టె తుమ్మది, రెండు వానలు కొట్టంల ఆరింది.
బీడీకట్ట కాగితాన్ని మూలకు మూల మడిచి
ఆ ఏటవాలుకే ఉలి పెట్టిన.
బొక్కకు బర్మ కావాలె, దానికి
ఛత్రీ పుల్లను సాగగొట్టి మొన,
వెదురు విల్లు, మేకతోలు వారు,
అరచేతి కింద టెంకాయ చిప్ప.
విల్లు పోంగ కోస్తది, రాంగ కోస్తది.
నోటికి బస్సు టికెట్టు దూరేంత సందు.
ఇగ అడుగు. బండకు దీపం మసి పూసి రుద్దుడు,
నల్లగ అంటిన కాడ గీకుడు, మల్ల రుద్దుడు.
పదకొండు రోజులు.
అన్నం ముద్ద కూడ మసి వాసన.

పన్నెండో నాడు టేకుముక్క మీద తోసిన.
దుమ్ము లేచింది, అంతే.
చీలకు ఒక్క దెబ్బ ఏసి మల్ల తోస్తే
ఉల్లిపొర లెక్క మూరెడు పొట్టు
ఇరుగకుంట వచ్చి నా మణికట్టుకు చుట్టుకున్నది.

మొగిలాచారి ఆ పొట్టును ఎండకు పట్టి చూసిండు.
చూసి చెయ్యి చాపిండు:
ఏదీ, ఒక్కసారి ఇటియ్యి.

ఎరువు తెచ్చుకున్నోని చేతికి... అని నేను మొదలుపెట్టిన.
నెత్తిన మొట్టికాయ.
ఎనుక నవ్వు, దగ్గు కలిసిన నవ్వు, శానసేపు.
ఇచ్చిన్నో లేదో యాదికి లేదు.

ఆ బండ ఇప్పటికీ ఉన్నది.
నేను నూరిన చోట జానెడు నునుపు.
వానొస్తే సరిగ్గ అక్కడనే జారుతరు మంది,
ఎవడు అరగదీసిండురా దీన్ని అని తిడతరు.
చూరు కింద నిలబడి వింట.
చెప్ప.