క్రావడి

ఈ ఊరి పేరు స్టోక్.
దానికో క్రావడి తగిలిస్తే
నా జబ్బు పేరు.
ఇరవై ఏళ్ళు ఇక్కడుండీ
ఆ సంగతి గమనించలేదు,
ఒక మంగళవారం మందుల షాపులో
ఎవరివో బీపీ మాత్రలు లెక్కపెడుతూ
పద్నాలుగు దగ్గర ఆగిపోయేదాకా.

పదిహేను అనే మాట
కౌంటరు కిందికి దొర్లిపోయింది.
వెతకడానికి వంగాననుకున్నాను.
పడిపోయానట.

కుమ్మరికి ఏడాది, గుదియకి ఒక పెట్టు.
పేకాటలో ఓడినప్పుడల్లా మా పెదనాన్న అనేవాడు.
అందులో కుండ నేనని అప్పుడు తెలీదు.

ఇంగ్లీషు ముందు పోయింది,
అద్దె ఇల్లు ఖాళీ చేసినంత తేలిగ్గా.
తెలుగు పోలేదు గానీ
వత్తులన్నీ రాలిపోయాయి.
ఫోన్లో "అక" అన్నందుకు
అక్క ఏడ్చింది.
అక. అమ. అనం.
నలభై ఏడేళ్ళ మనిషిని
చెంచా అడగబోయి "కిటికీ" అనేదాన్ని.
కుడిచెయ్యి ఒళ్ళో పడుకునేది
ఎవరో దాచమని ఇచ్చి మరిచిపోయిన సంచిలా.

ఆ చలికాలమంతా
కాలువ పక్క గదిలో కూర్చుని
ఎదురుగా పాత ఆవాన్ని చూశాను.
సీసాలాంటి ఆకారం, లావు పొట్ట, సన్నటి మెడ,
అరవై ఏళ్ళుగా పొగ లేదు.
మూతి మీద గడ్డి మొలిచింది.
నువ్వూనా, అనుకున్నాను.
మాటల్లో కాదు.

బెరిల్ కనపడింది ఫిజియో వరండాలో.
కప్పుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిదేళ్ళు
పిడులు అతికించిందట. పిడులు మాత్రమే.
ఎన్ని, అని నేను అడగలేకపోయాను.
తనే వేళ్ళు తెరిచి, మూసి, తెరిచి,
లెక్క తప్పి నవ్వేసింది.
ఈ ఊళ్ళో అందరూ అందర్నీ "డక్" అంటారు.
పేర్లు అందని నాకు అదెంత ఊరట!
"రా డక్" అని షెడ్డుకి తీసుకెళ్ళి
ఎడంచేతిలో మట్టిముద్ద పెట్టింది.

ఎడంచేత్తో ఇవ్వకు, తీసుకోకు, అని
చిన్నప్పుడు దెబ్బలు తిన్న చెయ్యి.
సారె దాన్ని మర్యాద అడగలేదు.
మొదటి గిన్నె కుప్పకూలింది.
రెండోదీ.
పదకొండోది నిలబడి, కారింది.
బెరిల్ దాన్లో ఉల్లికాడ నాటింది.

మాట పెగలని పూట
మట్టిని పాములా చుట్టి అక్షరాలు చేశాను.
చేత్తో ఎత్తి చూస్తే
అ ఎంత బరువు!
తలకట్టు పెట్టబోతే విరిగేది.
క కింద క వత్తుని
గాట్లు పెట్టి, పలచటి మట్టి పూసి,
తడివేలితో అదిమాను,
కప్పుకి పిడి అతికించినట్టే.
కొలిమిలోంచి ఊడకుండా బయటికొచ్చిన శనివారం
పలక పట్టుకుని వీడియో కాల్ చేశాను.
"అక్క."
అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు.
సిగ్నల్ పోయిందనుకున్నాను.

అన్నీ తిరిగి రాలేదు.
వానొస్తే ఇంకా కాలు ఈడుస్తాను.
షాపుకి మళ్ళీ వెళ్ళలేదు.
కొన్ని రాత్రులు ఇప్పటికీ
పదిహేను కోసం బల్లకింద వెతుకుతాను.

కానీ గురువారాలు
చర్చి వెనక హాల్లో ఆరుగురం.
లారీ నడిపిన గ్రేమ్,
లెక్కలు చెప్పిన నస్రీన్,
ఇరవై మూడేళ్ళ కైల్. వాడు మాట్లాడడు, ఈల వేస్తాడు.
వాళ్ళకి కప్పులు చేస్తాను.
వణికే చేతికి అడుగు బరువుగా,
మూసుకోని పిడికిటికి పిడి వెడల్పుగా,
నాలుగు వేళ్ళూ దూరి
కాసేపు తలదాచుకునేలా.
ఎవరి చేతి కొలత వాళ్ళది.
అడుగున, ఎవరూ చూడని చోట,
ఒక క్రావడి గీస్తాను.
గ్రేమ్ దాన్ని కొక్కెం అంటాడు.
సరే, కొక్కెమే.

ఇవాళ రంగు కలుపుతూ
చెంచా అడగబోయాను.
"కిటికీ" అన్నాను.
నస్రీన్ లేచి చెంచా అందించింది.
కైల్ ఈల వేస్తూ వెళ్ళి
కిటికీ తెరిచాడు.
తడిమట్టి మీదికి మే నెల గాలి,
వీధి చివర ఓట్‌కేకులు కాలుతున్న వాసన.
రెండూ కావలసే ఉన్నాయి.