జేబులు ఖాళీ చేయండి

నాకొచ్చిన ఇంగ్లీషు ఆరు వాక్యాలు.
హవల్లీలో నాలుగో అంతస్తు, పరీక్ష సెంటరు గుమ్మం కాడ
శనివారం పొద్దున ఆరున్నర నుంచీ
ఆ ఆరే తిప్పి తిప్పి చెప్తా.
జేబులు ఖాళీ చేయండి. చేతులు చాపండి.
గడియారం ఈ సంచిలో వేయండి.
ఎంత నున్నగా అరిగినాయంటే అవి నా నోట్లో,
కొత్తగా వచ్చిన పిల్లలు నన్నే అడుగుతారు,
నా ఉచ్చారణ పర్వాలేదా మేడమ్ అని.
నవ్వుతా.
నవ్వు నా ఏడో వాక్యం.

బ్యాడ్జి మీద నాగా అని ఉంటుంది.
సుబ్బమ్మకు ఆ ముక్కలో చోటు చాలలేదంట.

వేలిముద్రల మిషను కొందరిని గుర్తుపట్టదు.
పదేళ్ళు క్లోరెక్సు నీళ్ళల్లో నానిన బొటనవేలు,
దానికి అది వేలే కాదు.
ఊదుతా, నా చున్నీ కొసతో తుడుస్తా,
మళ్ళీ పెట్టు మే, గట్టిగా, అంటా.
నోరు తెరవకముందే ఫెయిలైన మొహాలు.

జేబుల్లో ఏముంటాయంటారా?
బస్సు కార్డు, మరియమ్మ బొమ్మ, తాయెత్తు,
సగం కొరికిన ఖుబ్బూసు,
నాలుగు మడతల కాగితంలో తెలుగక్షరాల ఇంగ్లీషు:
ఇన్ మై ఒపీనియన్.
లాక్కుంటా. రూలు.
సాయంత్రం దాకా ఆ ఒపీనియన్లన్నీ
నా అట్టడబ్బాలో పడుంటాయి.

జెసింతాది రైల్వేకోడూరు. ఆమె కాగితం రాతే చెప్పింది.
ఇది మూడోసారి రావడం.
ఏడు కావల్ల, ఐర్లాండులో ఏదో ఆస్పత్రికి.
రెండుసార్లూ ఆరున్నర కాడనే ఆగింది.
ఆ అర వెనకాల ఎన్ని నెలల జీతం పోయిందో
ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మాట్లాడే గది తలుపు సరిగ్గా పడదు.
ఏసీ గాలికి బెత్తెడు తెరుచుకుంటుంది.
నేను చెప్పగలిగిందానికంటే
నాకు అర్థమయ్యేది శానా ఎక్కువ, అది ఎవురూ కొలవలేదు.
నీకు నచ్చిన ముసలివాళ్ళ గురించి చెప్పు, అన్నాడు లోపలాయన.
నిమిషం ఆలోచించుకో, రెండు నిమిషాలు మాట్లాడు.
జెసింతా వాళ్ళ తాతను చెప్పింది.
హెడ్మాస్టరంట. రోజూ పేపరు చదివేవాడంట.
గులాబీ మొక్కలంటే ప్రాణమంట.
కోచింగులో నలభైమందికీ ఒక్క తాతనే పంచినారు.
పొద్దున్నుంచీ ఆయన నాలుగుసార్లు వచ్చిపోయినాడు
నా ముందర నుంచే.

గడియారం సంచి అందుకుంటా
మా తాతను నేను చూడనే లేదక్కా, అనింది.

డ్యూటీ దిగినాక బస్టాపులో కూర్చున్నాం.
అప్పుడు చెప్పింది జాబ్రియాలో ముసలామె సంగతి.
ఏడేళ్ళు ఒళ్ళు తుడిచింది, గోళ్ళు తీసింది,
రాత్రి రెండింటికి తల నిమిరింది.
చివర్లో ఆ మామాకు మాటలు రాలిపోయినాయంట,
ముందు వారాల పేర్లు, తర్వాత కొడుకుల పేర్లు.
ఒక్కటే మిగిలింది: మాయ్.
మాయ్ అంటే నీళ్ళు.
ఆకలైనా మాయ్. దిండు జారినా మాయ్.
భయమేసినా మాయ్.
యా మాయ్ ఏందో నాకొక్కదానికే తెలిసేదక్కా,
కన్న కూతుర్లే వచ్చి నన్నడిగేవాళ్ళు,
ఏమంటోంది మా యమ్మ, అని.

మరి అదే చెప్పకపోయినావా లోపల?

ఆమె నాకు ఇంగ్లీషులో లేదు, అనింది.

ఒక బస్సు పోయింది. ఇంకోటి పోయింది.
అరబ్బీలోకి పోయింది, హిందీలోకొచ్చింది,
కోడూరు మాటలోకి దిగి ముక్కు చీదుకుంది.
రెండు నిమిషాలైనాయని
ఎవురూ ఆపలేదు.

రెండు వారాలకు మెసేజి పెట్టింది. అంకె మాత్రమే.
అదే ఆరున్నర.

రంజాను దాటినాక మళ్ళీ వచ్చింది.
జేబులు ఖాళీ చేయండి, అన్నా.
చేతులు చాపండి, అన్నా.
చాపింది. నడుం తడుముతుంటే
నా చెవి కాడ, సన్నగా, మాయ్ అనింది.
యా మాయ్ ఏందో కనుక్కుందామని
తలెత్తి మొహం చూసినా.
వెనకాల ఇంకా ముప్పైమంది ఉన్నారు.