కొక్కెం

తెల్లారగట్ల నాలుగుంపావుకి
గూట్లో స్టీలు గ్లాసులు
ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.
రెండు క్షణాలు. అంతే.

పొద్దున్న లిఫ్టు దగ్గర తలో మాట:
పోర్టుకి ఖనిజం మోసే గూడ్సు బండని ఒకరు,
నేవీ వాళ్ల తుపాకుల ప్రాక్టీసని ఒకరు,
క్వారీలో మందు పేల్చారని,
పైఫ్లాటు వాళ్ల గ్రైండరని.
ఈ ఊళ్లో ఏది అదిరినా
దానికో పేరు సిద్ధంగా ఉంటుంది.
నేల పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు.

తుఫానుతో మాకు పరిచయముంది.
ముందే కబురంపుతుంది,
పోర్టులో నంబరు ఎగరేయిస్తుంది,
కొవ్వొత్తులూ బ్రెడ్డూ కొనుక్కుని
బిందెలు నింపుకునేదాకా ఆగుతుంది.
హుద్‌హుద్ నాడు మా వంటింటి కిటికీ రెక్క
వీధి చివరిదాకా ఎగిరిపోయింది గానీ
చెప్పకుండా ఎగిరిపోలేదు.
దీనికి ఏ నంబరు ఎగరేస్తారు?
ఏ స్తంభం మీద?

పదకొండేళ్ల కిందట మర్రిపాలెంలో
ఇదే బిల్డింగు, సెల్లారు పిల్లర్లు.
అసిరయ్య బల్ల మీద రింగులు వంచుతున్నాడు.
కొక్కెం లోపలికి తిరగాలి,
పిడికిలి మూసినట్టు, అన్నాను.
అతను తొంభై డిగ్రీల దగ్గరే వదిలేస్తున్నాడు,
అరచెయ్యి చాచినట్టు.
"ఏటవుద్దమ్మా? కొండరాయి మీద కూకున్నాం.
ఇక్కడ బూమి కదల్దు."
ఎండ. రేపే కాంక్రీటు. కాంట్రాక్టరు ఫోను.
నా దగ్గరున్న మ్యాపులోనూ
మా ఊరిది అన్నిటికన్నా లేత రంగే.
సంతకం పెట్టాను.

లేత రంగంటే రంగు లేదని కాదు.
ఆ మాత్రం చదువు నాకుంది.
మా కొండలు పాతవి, నిజమే,
సముద్రం కన్నా పాతవంటారు.
ఆ ధీమాయే తప్ప
వాటి లోపలి పగుళ్లతో
మాకెప్పుడూ మాటల్లేవు.

ఆ కొక్కేలన్నీ ఇప్పుడు సిమెంటులో ఉన్నాయి.
చూడ్డానికి వీల్లేదు.
వాటి నడుమ స్కూటర్లు,
వాచ్‌మన్ నులకమంచం,
వాళ్ల పాప సుద్దముక్కతో గీసిన
తొక్కుడుబిళ్ల గళ్లు.
వాటి మీద నాలుగో అంతస్తులో నేను,
సైటు స్టాఫుకి తగ్గించి ఇచ్చారని
సంబరంగా కొనుక్కున్న ఫ్లాటులో.

మధ్యాహ్నం అసిరయ్యకి ఫోను చేశాను.
మెళియాపుట్టిలో ఉంటున్నాడట,
మోకాళ్లు పోయాయట.
గ్లాసుల సంగతి చెబితే నవ్వాడు.
తర్వాత కాసేపు ఏమీ అనలేదు.
"మా ఇల్లు కట్టుకున్నప్పుడు మాత్రం
లోపలికే వంచినానమ్మా.
నువ్వు సెప్పినావు గదా."

అప్పట్నించీ రాత్రి గిన్నెలు కడిగాక
గ్లాసుల్ని ఎడంగా బోర్లించడం లేదు.
అంచుకి అంచు తగిలీ తగలనట్టు
పేర్చి, దీపం ఆర్పి,
వాటి వైపు చెవి పెట్టి
పడుకుంటున్నాను.